తెలిసినవాని తప్పు

నియమం తెలియక తప్పు చేసేవానికి బోధ చాలు. తెలిసి చేసేవానికి ఏమి నేర్పాలి? రహదారి భద్రతా విద్యలోని అసలు చిక్కు ఇదే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వీటిలో 70 శాతానికి పైగా మరణాలను కేంద్ర రవాణా శాఖ నివేదిక మితిమీరిన వేగం కింద నమోదు చేసింది. వేగం ప్రమాదకరమని ఎరుగని చోదకుడు వీరిలో ఎందరుంటారు?

నార్వే అనుభవం ఇక్కడ గమనింపదగినది. మంచు రోడ్లపై జారే వాహనాన్ని అదుపు చేసే శిక్షణను అక్కడ 1979లో కొత్త చోదకులకు తప్పనిసరి చేశారు. తరువాత పరిశీలిస్తే, యువకుల విషయంలో అటువంటి రోడ్లపై ప్రమాదాలు తగ్గకపోగా పెరిగినట్లు తేలింది. చేతికి నేర్పు వచ్చింది. నేర్పును మించిన ధీమా దాని వెంటనే వచ్చింది. అందుచేతనే పొరుగున ఉన్న స్వీడన్ 1999లో ఇటువంటి శిక్షణ లక్ష్యాన్ని మార్చి, చోదకునికి తన శక్తి హద్దులను ఎరుకపరచడంపై దృష్టి నిలిపింది. మన లైసెన్సు పరీక్ష ఇంకా 8 అంకె చుట్టూనే తిరుగుతున్నది!

తన హద్దు ఎరుగనివాడు ఎదుటివాని ప్రాణాన్ని లెక్కలోకి తీసుకోలేడు. హెల్మెట్ మాట వస్తే "పోయేది నా ప్రాణమే కదా" అనేవారు మనలో చాలామంది. 2022లో హెల్మెట్ ధరించక మరణించిన 50,029 మందిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. వారి బండి పగ్గాలు మరొకరి చేతిలో ఉన్నాయి.