ఎవరును చూడని గీత

చదువవలసిన భాగము: నిర్గమకాండము 22:7–15



కళ్లజోడుమీద పడిన ఒక గీతను గూర్చి ఈ నెల మీతో మాటలాడ గోరుచున్నాము. ఇంత చిన్న సంగతికి సంఘపత్రికలో చోటు ఏల అని మీలో కొందరు అడుగవచ్చును. అయితే నలువది ఏండ్లు దాటినవారిలో అనేకులకు కళ్లజోడు లేనిదే వాక్యము చదువుట కష్టము, సూదిలో దారము ఎక్కించుట కష్టము, బియ్యములో రాయి ఏరుట కష్టము. 1306వ సంవత్సరములో ఇటలీ దేశపు ఫ్లోరెన్సు పట్టణమున జోర్డానో అను సన్యాసి ప్రసంగము చేయుచు, కళ్లజోళ్లు చేయు విద్య కనుగొనబడి ఇంకను ఇరువది ఏండ్లు కాలేదని చెప్పి, ఆ విద్యను మిక్కిలి కొనియాడెను. కాబట్టి కళ్లజోడును గూర్చి సంఘముతో మాటలాడిన బోధకులలో మేము మొదటివారము కాము.

గత సంవత్సరము పట్టణములోని ఒక దుకాణమున మేము కళ్లజోడు చేయించుకొంటిమి. ఇప్పటి అద్దములలో ఎక్కువభాగము గాజు కాదు, ప్లాస్టిక్. అవి తేలికగా ఉండును, క్రిందపడినను సులభముగా పగులవు. అయితే గాజుకంటె మెత్తనివి గనుక త్వరగా గీతలు పడును. అందుచేత వాటిమీద పలుచని గట్టిపొర ఒకటి వేయుదురు. దుకాణదారుడు మాకు బిల్లుతో కూడ ఒక కార్డు ఇచ్చెను. ఒక సంవత్సరములోపల ఆ పొర చెడినను, జాగ్రత్తగా వాడుచుండగా గీతలు పడినను, అద్దము ఉచితముగా మార్చి యిత్తుమని దానిలో వ్రాసియుండెను. దానినే వారంటీ అందురు.

ఎనిమిదవ నెలలో ఎడమ అద్దపు అంచునుండి ఆ పొర చిన్నచిన్న పెచ్చులుగా లేవసాగెను. అది మా చేతివలన కలిగినది కాదు. ఆ దినములలోనే కుడి అద్దము నడుమ అడ్డముగా ఒక లోతైన గీత పడెను. అది ఎట్లు పడెనో మేము బాగుగా ఎరుగుదుము. ఒక సమాధి కార్యక్రమమునకు త్వరపడి పోవుచు, కళ్లజోడును పెట్టెలో పెట్టక, మందిరపు తాళపుచెవుల గుత్తి ఉన్న జేబులోనే వేసికొంటిమి. తిరిగి తీసి చూచునప్పటికి గీత పడియుండెను. దానిని ఎవరును చూడలేదు.

దుకాణమునకు పోయి రెండు అద్దములను చూపితిమి. అక్కడి పనివాడు, "ఇవి ఎట్లు చెడినవి, అయ్యగారూ?" అని అడిగెను. "రెండును వాటంతటవే చెడినవి" అను మాట మా నోటినుండి వచ్చెను. ఆలోచించి చెప్పిన మాట కాదు, కాని వచ్చెను. అతడు దానిని పుస్తకములో వ్రాసికొని, వచ్చే వారము రమ్మనెను.

ఆ బుధవారపు ఇంటి కూటమునకై మేము చదువవలసిన భాగము నిర్గమకాండము 22వ అధ్యాయము. ఒకడు తన గాడిదనో ఎద్దునో పొరుగువానికి అప్పగింపగా, అది చచ్చినను, దెబ్బతినినను, చూచినవారు ఎవరును లేనియెడల ఏమి చేయవలెనో అక్కడ వ్రాయబడి యున్నది. సాక్షి లేడు గనుక వ్యాజ్యెము లేదని ధర్మశాస్త్రము చెప్పలేదు. ఆ ఇద్దరి నడుమ యెహోవా పేరట ప్రమాణము ఉండవలెనని చెప్పినది. క్రూరమృగము చీల్చినయెడల మిగిలిన భాగమును సాక్ష్యముగా తేవలెనని చెప్పినది. ఎవరి అజాగ్రత్తవలన నష్టము కలిగెనో వాడు దానిని భరింపవలెను. తప్పు లేనివానిమీద నష్టము మోపరాదు.

ఆ భాగమును చదువుచుండగా మా జేబులోని తాళపుచెవులు మాకు జ్ఞాపకము వచ్చెను. ఎవరును చూడని గీత అని మేము అనుకొన్నది దేవుడు చూచిన గీతయే గదా. తప్పుడు తూనికరాళ్లు, తప్పుడు కొలపాత్రలు ఉంచుకొనకూడదని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ఆ ఆజ్ఞ అమ్మువానికి మాత్రమేనని ఇంతకాలము మనము అనుకొనుచుంటిమి. అయితే తన తప్పును వర్తకుని లెక్కలో వేయు కొనుగోలుదారుడును తప్పుడు తూకము పట్టుకొనినవాడే. వర్తకుడు ధనవంతుడైనంత మాత్రమున ఆ తూకము సరియైనది కాదు.

మరుసటి వారము మేము పోయి, కుడి అద్దపు గీత మావలన పడినదనియు, మొదట చెప్పిన మాట సరి కాదనియు, ఎడమ అద్దమునకు మాత్రము మార్పు అడుగుచున్నామనియు చెప్పితిమి. ఇట్లు చెప్పిన తరువాత సంగతి చక్కబడునని మీరు తలంపవచ్చును. మేమును ఆలాగే తలంచితిమి. కాని దుకాణదారుడు, "మీరు కళ్లజోడును జాగ్రత్తగా వాడలేదని మీరే ఒప్పుకొంటిరి గదా; కాబట్టి రెంటికిని వారంటీ చెల్లదు. డాక్టరు వ్రాసిన నంబరు ప్రకారము చేసిన అద్దము మరి ఎవరి కంటికిని పనికిరాదు, వెనుకకు తీసికొనము" అనెను. అబద్ధమాడినప్పుడు రెండు అద్దములు వచ్చునట్లు కనబడెను. నిజము చెప్పినప్పుడు ఒకటియు లేకపోయెను.

సహోదరులారా, ఇచ్చటనే అసలైన ప్రశ్న కలదు. నిజము చెప్పి నష్టపోయిన విశ్వాసి ఇక మౌనముగా ఉండవలెనా? లేక తనకు న్యాయముగా రావలసినదానిని అడుగవచ్చునా?

మా స్నేహితుడొకడు, "ఒక అద్దముకొరకు పాస్టరుగారు అంగడిలో పోట్లాడుదురా? విడిచిపెట్టుడి" అనెను. ఆ మాటలో మేలున్నది. అన్యాయమును సహించుట మేలని పౌలు కొరింథీయులకు వ్రాసిన సంగతిని మేము మరువలేదు. విడిచిపెట్టుదమనియే అనుకొంటిమి. అయితే ఆదివారమున మా సంఘములోని ఒక వృద్ధురాలు ఆరాధన ముగిసిన తరువాత తన కళ్లజోడును మా చేతికిచ్చెను. మిరపకాయల కోత కూలితో కొనుక్కొన్నదట. ఆ దుకాణములోనే. దాని పొరయు అట్లే లేచియున్నది. "అడుగలేదా, అమ్మా?" అంటిమి. "మాబోటివాళ్ల మాట ఎవరు వింటారు, అయ్యగారూ?" అనెను. ఆమెయొద్ద బిల్లు కూడ లేదు; అడిగినను ఇయ్యలేదట.

అప్పుడు మాకు ఒక సంగతి తెలిసెను. మన నష్టమును మనము విడిచిపెట్టవచ్చును. పొరుగువాని నష్టమును విడిచిపెట్టుటకు మనకు అధికారము లేదు. చదువు వచ్చిన మేము ఓర్పు అను పేరుతో మౌనముగా ఉన్నయెడల, ఆ భారము చదువురాని ఆమె మీదనే పడును. ఫిలిప్పీలో పౌలును అన్యాయముగా కొట్టించి, తరువాత రహస్యముగా పంపివేయ జూచినప్పుడు, అతడు రోమీయుడనని చెప్పి, అధికారులే వచ్చి తమ్మును వెలుపలికి తీసికొనిపోవలెనని అడిగెను. అది పగ కాదు. చట్టము ఇచ్చిన హక్కును నెమ్మదిగా జ్ఞాపకము చేయుటయే.

మన దేశములో కొనుగోలుదారులను కాపాడుటకు 1986లో ఒక చట్టము చేయబడెను. దాని స్థానమున 2019లో చేసిన వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైనుండి అమలులో ఉన్నది. వస్తువునకు ఏ గుణము ఉన్నదని వర్తకుడు చెప్పెనో ఆ గుణము లేనియెడల అది లోపమేయని ఆ చట్టము చెప్పుచున్నది. నంబరు ప్రకారము చేసిన అద్దమైనను దానిపై పొర నిలువవలెను గదా. నెరవేర్చు తలంపు లేకయే వారంటీ ఇచ్చుటయు, బిల్లు ఇయ్యకుండుటయు అక్రమ వ్యాపారమని ఆ చట్టములోనే యున్నది.

దుకాణదారుడు విననియెడల జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు వ్రాయవచ్చును. మనము నివసించు జిల్లాలోనే వ్రాయవచ్చును, వకీలు అక్కరలేదు. వస్తువునకు చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు దాటనియెడల రుసుము లేదు. నష్టము కలిగిన 2 సంవత్సరములలోపల వ్రాయవలెను. లోపము చూచినంతమాత్రమున తేలనియెడల కమిషను ఆ వస్తువును పరీక్షకు పంపవచ్చును. లోపమును సరిచేయుమని గాని, వస్తువును మార్చి యిమ్మని గాని, సొమ్ము తిరిగి యిమ్మని గాని ఆజ్ఞాపించు అధికారము దానికి కలదు. అంతకుముందే 1915 అను నంబరుకు ఫోను చేసి తెలుగులోనే సలహా అడుగవచ్చును.

అయితే కమిషను మొదటి మెట్టు కాదు. తప్పు చేసిన సహోదరునియొద్దకు మొదట ఒంటరిగా పోవలెననియు, వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసికొనిపోవలెననియు, ఆ తరువాతనే సంఘమునకు చెప్పవలెననియు ప్రభువు మత్తయి 18వ అధ్యాయములో ఒక వరుస నేర్పెను. అది సంఘ సహోదరులను గూర్చినదే యైనను, అంగడిలోను మంచి వరుసయే. మేము ఒక ఉత్తరము వ్రాసితిమి. కుడి అద్దపు తప్పు మాదేనని అందులోను వ్రాసితిమి. ఎడమ అద్దపు పొర అంచునుండి లేచుచున్నదనియు, తాళపుచెవులు గీత గీయగలవు గాని అంచునుండి పొరను ఈలాగు లేపలేవనియు, కార్డులోని మాట ప్రకారము దానిని మార్చవలెననియు, లేనియెడల కమిషనుకు వ్రాయవలసి వచ్చుననియు తెలిపితిమి. బిల్లు, కార్డు నకళ్లు జతపరచి, సంఘ పెద్ద ఒకరిని తోడుకొనిపోయి, కోపముగా మాటలాడక ఆ ఉత్తరమును ఇచ్చితిమి. వృద్ధురాలి కళ్లజోడును కూడ ఆయన యెదుట ఉంచితిమి.

ఆయన చాలసేపు చదివెను. పది దినముల తరువాత ఎడమ అద్దము మార్చి యిచ్చెను. వృద్ధురాలి అద్దములను కూడ మార్చెను. ఈసారి బిల్లు వ్రాసి యిచ్చెను. భయపడి చేసెనో, న్యాయమని చేసెనో మేము అడుగలేదు. నష్టము వచ్చినను ఇచ్చిన మాట నిలుపుకొనువానిని 15వ కీర్తన మెచ్చుకొనుచున్నది. ఎట్లు చేసినను ఆయన మాట నిలుపుకొనెను గనుక ఆయనకు కృతజ్ఞతలు చెప్పి వచ్చితిమి.

కుడి అద్దము మారలేదు. క్రొత్తది కొనుటకు ఇంకను వెసులుబాటు కలుగలేదు. ఆదివారమున వాక్యము చదువునప్పుడు ఆ గీత వరుసల నడుమ అడ్డము వచ్చుచునే యున్నది. కొంచెము తల త్రిప్పి చదువుకొనుచున్నాము. అది మా నష్టము గనుక మేమే భరించుచున్నాము.

కాబట్టి ప్రియులారా, ఏ వస్తువు కొనినను బిల్లు అడిగి పుచ్చుకొనుడి. కార్డులో ఏమి వ్రాసియున్నదో చదువుడి. చదువురానివారికి చదివి వినిపించుడి. కళ్లజోడును పొడిగా చీర చెంగుతోను, కండువాతోను తుడువకుడి. దానిమీది దుమ్ములోని ఇసుకయే గీత గీయును. ముందు మంచినీళ్లతో కడిగి, తరువాత మెత్తని శుభ్రమైన గుడ్డతో అద్దుడి. పెట్టెలో ఉంచుడి. ఇంత చేసినను చెడినయెడల సిగ్గుపడక, భయపడక, అడుగుడి. అయితే అడుగబోవుటకు ముందు, ఇది నావలన చెడినదా అని దేవుని సన్నిధిలో మిమ్మును మీరే ఒకసారి అడిగికొనుడి. ఆ ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పగలిగినవాడు ఏ దుకాణదారుని యెదుటనైనను, ఏ కమిషను యెదుటనైనను తల యెత్తి నిలువగలడు.