ఒక్కరి జీతం – వంద ఇళ్ల జీవనం

2009 ఫిబ్రవరి 21. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్ ముగిసింది. రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయం జట్టు గెలిచింది. ఆ జట్టుకు ఆట నేర్పే కోచ్ జిమ్ కాల్హూన్ ఎప్పటిలాగే విలేకరుల ముందు కూర్చున్నారు. అందరూ ఆట గురించి అడుగుతుంటే ఒక విలేకరి మాత్రం జీతం గురించి అడిగాడు. రాష్ట్ర బడ్జెట్ 200 కోట్ల డాలర్ల లోటులో ఉంది. రాష్ట్ర ఉద్యోగులందరిలోకీ ఎక్కువ జీతం మీదే, ఏడాదికి 16 లక్షల డాలర్లు. ఈ కష్టకాలంలో అందులో కొంత తిరిగి ఇస్తారా? అతని ప్రశ్న సారాంశం ఇదీ.

ఒక్క కాసు కూడా తిరిగి ఇవ్వనని కాల్హూన్ తెగేసి చెప్పారు. తమ జట్టు విశ్వవిద్యాలయానికి ఏడాదికి కోటీ 20 లక్షల డాలర్లు తెచ్చిపెడుతోందని గొంతు పెంచారు. నోరు మూసుకోమని కూడా ఆ విలేకరితో అన్నారు. ఆ దృశ్యం దేశమంతా టీవీల్లో కనిపించింది.

అడగకూడనిది అడిగాడని కొందరు విలేకరిని తప్పుపట్టారు. అహంకారమని మరికొందరు కోచ్‌ను తప్పుపట్టారు. ఆ ఇద్దరి సంగతి కాసేపు పక్కన పెడదాం. వారి మధ్య నిలిచిన ప్రశ్న మాత్రం చాలా పాతది, అందరికీ చెందినది. ఒక మనిషి శ్రమకు న్యాయమైన ప్రతిఫలం ఎంత? దాన్ని ఏ కొలబద్దతో కొలవాలి?

నడుమ నిలిచే ఇల్లు

ఒక దేశంలోని ఇళ్లన్నిటినీ ఆదాయం ప్రకారం వరుసగా నిలబెట్టామనుకోండి. ఒక చివర కటిక పేదవాడి ఇల్లు, మరో చివర కోటీశ్వరుడి ఇల్లు. సరిగ్గా నడిమధ్యలో నిలిచే ఇంటిని సామాన్యుడి ఇల్లు అనవచ్చు. అమెరికా జనాభా లెక్కల శాఖ ఆ ఇంటి ఆదాయాన్ని ఏటా ప్రకటిస్తుంది. 2009లో అది 49,777 డాలర్లు. ఇది ఒక్కరి జీతం కాదు. భార్యాభర్తలిద్దరూ పనిచేస్తే ఇద్దరి సంపాదనా కలిపిన మొత్తం. ఆ లెక్కన కాల్హూన్ జీతం 32 సామాన్యుల ఇళ్ల ఆదాయానికి సమానం.

ఇది ఎప్పుడూ ఇలాగే ఉండేదా? లేదు. లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాన్ వుడెన్ అనే కోచ్ ఉండేవారు. 1948లో చేరి 1975 వరకు పనిచేశారు. తన జట్టుకు 10 సార్లు జాతీయ విజేత బిరుదు సాధించిపెట్టారు. పురుషుల కళాశాల బాస్కెట్‌బాల్‌లో ఆ సంఖ్యను నేటికీ ఎవరూ అందుకోలేదు. అంతటివాడి జీతం ఉద్యోగం చివరి రోజుల్లో కూడా ఏడాదికి 35 వేల డాలర్లకు అటూ ఇటూగానే ఉండేది. 1975లో సామాన్యుడి ఇంటి ఆదాయం సుమారు 11,800 డాలర్లు. అంటే వుడెన్ జీతం మూడు ఇళ్ల ఆదాయం.

ఇక నేటి సంగతి చూడండి. కాల్హూన్ పనిచేసిన అదే కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు డాన్ హర్లీ కోచ్. 2023, 2024లలో వరుసగా రెండుసార్లు ఆయన జట్టు జాతీయ విజేతగా నిలిచింది. 2024లో విశ్వవిద్యాలయం ఆయనతో ఆరేళ్లకు 5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. సగటున ఏడాదికి 83 లక్షలు. ఆ ఏడాది సామాన్యుడి ఇంటి ఆదాయం 83,730 డాలర్లు. లెక్క తేలికే. ఒక్కరి జీతం దాదాపు వంద ఇళ్ల జీవనం.

మూడు ఇళ్లు, ముప్ఫై రెండు ఇళ్లు, వంద ఇళ్లు! వుడెన్ కన్నా నేటి కోచ్ ముప్ఫై రెట్లు ఎక్కువ కష్టపడుతున్నాడా? బంతి అదే, బుట్ట అదే, మైదానం అదే. మరి మారిందేమిటి?

డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది?

మారింది టీవీ. అమెరికా కళాశాలల క్రీడలను నడిపే సంస్థ పేరు ఎన్.సి.ఎ.ఎ. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో జరిగే జాతీయ పోటీల ప్రసార హక్కులను అది 2010లో 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లకు అమ్మింది. 2016లో ఆ ఒప్పందాన్ని 2032 వరకు పొడిగించారు. అందుకు మరో 880 కోట్ల డాలర్లు.

ఈ డబ్బంతా ఎవరి ఆటను చూసి వస్తోంది? మైదానంలో పరుగెత్తే పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రవాళ్ల ఆటను చూసి. వారికి ఎంత దక్కేది? చదువు ఫీజు, బస, భోజనం. అవి చిన్న విషయాలు కావు, ఒప్పుకోవాల్సిందే. అయితే అంతకుమించి జీతం పుచ్చుకోవడం నిషిద్ధం. వారు విద్యార్థులు, డబ్బు కోసం ఆడేవారు కారు అన్నది ఆ నియమానికి చెప్పిన కారణం.

ఒక కాలువలో నీళ్లు పారుతుండగా ఒక మడి గట్టును మూసేస్తే ఏమవుతుంది? ఆ నీళ్లన్నీ పక్క మడికి మళ్లుతాయి. ఆటగాడికి ఇవ్వకూడని డబ్బు అలాగే కోచ్ జీతానికి, పెద్ద పెద్ద స్టేడియాలకు, అధికారుల వేతనాలకు మళ్లింది. మంచి కోచ్ పోతే మంచి కుర్రవాళ్లు రారు, ప్రేక్షకులు, దాతలు దూరమవుతారు అన్న భయంతో విశ్వవిద్యాలయాలు ఒకదానిపై ఒకటి వేలం పాడుకున్నాయి. ఎవరికి వారు తాము చేసేది సబబే అనుకున్నారు. అందరూ కలిసి చేసింది మాత్రం ఇదీ.

ఆకలితో నిద్రించిన విజేత

2014 ఏప్రిల్ 7. కనెక్టికట్ జట్టు మళ్లీ జాతీయ విజేత అయింది. ఆ జట్టులో మేటి ఆటగాడు షబాజ్ నేపియర్. కొన్ని రాత్రులు తినడానికి డబ్బులేక ఆకలితోనే పడుకుంటానని ఆ రోజుల్లోనే అతను విలేకరులతో చెప్పాడు. దేశం ఉలిక్కిపడింది. కొద్ది రోజుల్లోనే ఎన్.సి.ఎ.ఎ. ఆటగాళ్ల భోజనంపై ఉన్న పరిమితులను ఎత్తివేసింది.

మరుసటి నెల, మేలో, ఆ జట్టు కోచ్ కెవిన్ ఓలీకి అయిదేళ్లకు కోటిన్నర డాలర్ల కొత్త ఒప్పందం లభించింది. 2018లో విశ్వవిద్యాలయం ఆయన్ను తొలగించింది. ఆ తొలగింపు చెల్లదని వివాదం నడిచి, 2022 జనవరిలో ఆయనకు కోటీ 11 లక్షల డాలర్లకు పైగా చెల్లించాలని మధ్యవర్తి తీర్పు చెప్పారు. పని చేయని ఏళ్లకు కూడా జీతం! ఒప్పందం ప్రకారం అది ఆయన హక్కే. దాన్ని కాదనలేం. కాని ఒకే కప్పు కింద ఒకరికి పని లేకున్నా కోటి, మరొకరికి పని చేసినా పస్తు అన్న పరిస్థితిని ఏ ఒప్పందం న్యాయంగా మార్చగలదు?

మూడు సమాధానాలు

ఇలాంటి జీతాలను సమర్థించేవారు ముఖ్యంగా మూడు మాటలు చెబుతారు. వాటిని కొట్టిపారేయకుండా నిదానంగా పరిశీలిద్దాం.

మొదటిది – 'నేను తెచ్చినదానిలో కొంతే నేను తీసుకుంటున్నాను.' కాల్హూన్ చెప్పిందీ ఇదే. ఇందులో నిజం లేకపోలేదు. ఆయన రాకముందు ఆ జట్టు పేరు దేశంలో ఎందరికి తెలుసు? కాని 'నేను తెచ్చాను' అనే మాటలో 'నేను' అంటే ఎవరు? బంతి వేసిన చేయి ఒకరిది, గాయపడిన మోకాలు మరొకరిది. ప్రజల పన్నులతో విశ్వవిద్యాలయం కట్టిన తరాలు వేరు. అర్ధరాత్రి స్టేడియం ఊడ్చిన మనిషి వేరు. పదిమంది లాగిన రథాన్ని ముందు నిలబడినవాడు 'నేనే లాగాను' అంటే ఎలా? పైగా ఆ విశ్వవిద్యాలయం క్రీడా విభాగం ఇటీవలి సంవత్సరాల్లో పెద్ద లోటుతో నడిచింది. విశ్వవిద్యాలయ నిధులు, విద్యార్థుల ఫీజులు ఆ లోటును పూడ్చాయి. బాస్కెట్‌బాల్ లాభం తెచ్చినా క్రీడలన్నిటినీ కలిపి చూస్తే ఖర్చే ఎక్కువ.

రెండవది – 'ఎవరూ బలవంతం చేయలేదు. ఇచ్చేవారు ఇష్టపడి ఇస్తున్నారు.' ఇదీ నిజమే. మోసం లేదు, దొంగతనం లేదు. హర్లీ విషయంలో ఇంకొక మాట కూడా చెప్పాలి. 2024 జూన్‌లో వృత్తి క్రీడల జట్టు ఒకటి ఆరేళ్లకు 7 కోట్ల డాలర్లు ఇస్తానంటే ఆయన కాదని తన విద్యార్థుల దగ్గరే ఉండిపోయారు. డబ్బే సర్వస్వమైతే అలా చేయరు. కాని ఇద్దరు ఇష్టపడి చేసుకున్న ఒప్పందంలో మూడోవాడి వాటా ఉంటే? అతన్ని ఎవరూ సంప్రదించకపోతే? ఆటగాళ్లు దశాబ్దాల పాటు ఆ మూడోవారిగానే ఉండిపోయారు. చివరికి న్యాయస్థానాలు కలుగజేసుకోవాల్సి వచ్చింది. 2021లో అమెరికా సుప్రీంకోర్టు ఎన్.సి.ఎ.ఎ.కు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్పు ఇచ్చింది. అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మల మీద సంపాదించుకునే వీలు కలిగింది. 2025 జూన్‌లో ఆమోదం పొందిన ఒక రాజీ ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్లకు డబ్బు చెల్లించే దారి తెరుచుకుంది. ఎవరికీ అన్యాయం జరగలేదన్నది నిజమైతే ఇంత మార్పు ఎందుకు అవసరమైంది?

మూడవది – 'ఇదంతా అసూయ. ఎదిగినవాడిని చూసి ఓర్వలేనితనం.' ఈ మాటను మన మనసుకే అడిగి చూసుకోవాలి. పక్కవాడికి ఉందని బాధపడటం అసూయ. పక్కవాడికి దక్కాల్సింది దక్కలేదని బాధపడటం న్యాయబుద్ధి. రెండూ ఒకేలా కనిపిస్తాయి, కాని వేరు. కోచ్ దగ్గర ఉన్నది లాక్కోవాలని అనుకుంటే అది అసూయే. నేపియర్ ఎందుకు ఆకలితో పడుకున్నాడని అడిగితే అది అసూయ కాదు.

ఒక ఖలీఫా జీతం

ప్రజల సొమ్ముతో నడిచే ఉద్యోగానికి ఎంత జీతం అన్న ప్రశ్న మన చరిత్రలోనూ ఎదురైంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) బట్టల వ్యాపారి. ఖలీఫాగా ఎన్నికైన తర్వాత కూడా బట్టలు భుజాన వేసుకొని బజారుకు బయలుదేరారనీ, ప్రజల బాధ్యత, వ్యాపారం రెండూ సాగవని సహచరులు ఆపారనీ చరిత్రకారులు రాశారు. అప్పుడు బైతుల్‌మాల్ నుంచి ఆయనకు జీతం నిర్ణయించారు. ఏ లెక్కన? ఆయన తెచ్చిన విజయాలను బట్టి కాదు, ఆయన ఎంత అరుదైనవారో దాన్ని బట్టి కాదు. ఒక సాధారణ ముహాజిర్ కుటుంబం గడవడానికి ఎంత కావాలో అంత. అంటే కొలబద్ద సామాన్యుడి ఇల్లే.

నేడు అందరికీ అదే జీతం ఉండాలని దీని అర్థం కాదు. నైపుణ్యానికి విలువ ఉంది, వ్యాపారంలో లాభం ధర్మసమ్మతమే. కాని ఎంత ఎత్తున కూర్చున్నా, నడుమ నిలిచే ఆ ఇంటిని చూపు నుంచి జారిపోనివ్వకూడదు. జీతం పెరగడం తప్పు కాదు. ఆ ఇల్లు కనిపించనంత దూరం పోవడం ప్రమాదం.

రాళ్లు చెక్కిన చేతులు

కాల్హూన్ గురించి ఒక విషయం చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆయనకు 15 ఏళ్ల వయసులో తండ్రి గుండెపోటుతో చనిపోయారు. కుటుంబాన్ని పోషించడానికి చదువు ఆపేసి రాళ్లు చెక్కారు. సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కారు, సమాధులు తవ్వారు. తర్వాతి కాలంలో ఆ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలోని హృద్రోగ కేంద్రానికి నిధులు సమకూర్చారు. నేడు ఆ కేంద్రానికి ఆయన దంపతుల పేరే ఉంది. ఆయన కఠినాత్ముడు కాడు. పేదరికం ఎరుగనివాడు అసలే కాడు.

మనల్ని ఎక్కువగా ఆలోచింపజేయాల్సింది ఇదే. సమాధులు తవ్వి ఇల్లు నడిపిన మనిషికి కూడా, ఆ రోజు సామాన్యుడి ఇంటి తరఫున వచ్చిన ప్రశ్న అవమానంగా తోచింది. 2009లోనే ఆ రాష్ట్ర ఉద్యోగులు వేతనాల పెంపు వదులుకొని, జీతం లేని సెలవు దినాలకు ఒప్పుకున్నారు. వారి ఇళ్లలో ఆ నెల లెక్క ఎలా సరిపెట్టుకున్నారో ఆయన ఒక్క క్షణం తలచుకొని ఉంటే సమాధానం మరోలా ఉండేదేమో. డబ్బు మనిషిని చెడ్డవాడిగా మార్చకపోవచ్చు. కాని తాను వచ్చిన దారిని మెల్లగా మరిపిస్తుంది.

మనలో ఎవరికీ అంత జీతం రాకపోవచ్చు. కాని జీతం ఇచ్చేవారు మాత్రం చాలామంది ఉన్నారు. దుకాణంలో కుర్రవాడికి, ఇంట్లో పాచిపని చేసే అమ్మకు, పిల్లలకు అరబీ నేర్పే హాఫిజ్ సాబ్‌కు మనమే ఇస్తాం. ఇచ్చేటప్పుడు 'ఈ పనికి బజారులో రేటు ఎంత?' అని అడుగుతాం. 'ఈ డబ్బుతో వారి ఇల్లు గడుస్తుందా?' అని ఎప్పుడైనా అడిగామా? కాల్హూన్‌ను ఆ రోజు ఒక విలేకరి అడిగాడు. మనల్ని అడిగే విలేకరి లేడు. కాని మన సంపాదన ఎలా వచ్చిందో, ఎలా ఖర్చయిందో అడిగే రోజు ఒకటి ఉందని మనం నమ్ముతాం. ఆ రోజు గొంతు పెంచి సమాధానం చెప్పే వీలు ఉండదు. ఈ నెల జీతం లెక్కపెట్టి చేతిలో పెట్టే ముందే ఆ ప్రశ్న మనమే వేసుకుంటే మేలు.