ఆ మెయిల్ ఎవరిది?

కుల్కచర్లలో ఒక పొదుపు సంఘం లెక్కల కోసం చిన్న వెబ్ అప్లికేషన్ రాస్తున్నాను. ఎవరి పొదుపెంత, అప్పెంత, కిస్తీ ఎప్పుడు అన్నది ఎవరికి వారు చూసుకోవాలి. అందుకని ఈమెయిల్ లాగిన్ పెట్టాలనుకున్నాను. ఇచ్చిన మెయిల్‌కు ఒక లింకు వెళ్తుంది, అది నొక్కితే ఖాతా తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే బాధ లేదు.

సమావేశంలో మెయిల్ అడిగితే ఒక పెద్దామె నవ్వింది. "నాకేడిది బిడ్డా? మా పెద్దోనిది రాస్కో." ఇంకొకామెకు పరిగిలో ఇంటర్నెట్ షాపతను ఏదో దరఖాస్తు కోసం మెయిల్ చేసిపెట్టాడట. పాస్‌వర్డ్ అతని నోటుపుస్తకంలోనే ఉంది.

రాసుకుంటే నా పని అయిపోతుంది. కానీ లాగిన్‌కు మనిషి తెలియదు. ఆ మెయిల్ తెరిచినవారే దాని లెక్కలో ఆమె. తల్లి అప్పు సంగతి ముందు కొడుక్కి తెలుస్తుంది, అతను చెబితే ఆమెకు.

"ఇంట్ల దాపరికమేముంటది?" అందామె. నిజమే కావచ్చు. వాళ్ల కలివిడి బతుకును శంకించడానికి నేనెవరిని? అయినా ఉండబట్టలేక, కొడుకు బ్యాంకు మెసేజీలు ఆమె చూస్తుందా అని అడిగాను. జవాబు రాలేదు. పక్కనున్నామె అందుకుంది: "మా ఆయనకు తెల్వకుండ నెలకు రెండొందలు ఎక్కువ కడ్తున్నక్కా, బిడ్డ ఫీజుకు. ఆయన సూస్తే అయిపాయె."

1990ల మొదట్లో దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డాక నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘాలు విస్తరించాయి. సారా దుకాణానికి పోయే డబ్బు ఆడవాళ్ల చేతిలో నిలవడమే వాటి ప్రాణం. అలాంటి సంఘాల్లో వేలిముద్ర వేసేవాళ్లను చూసి, చదువుకున్న గర్వంతో జాలిపడిన రోజులు నాకున్నాయి. కానీ ఆ వేలు ఆమెదే. ఆమె వచ్చి కూర్చుంటే తప్ప ముద్ర పడదు.

అలాగని సొంత మెయిల్ ఉంటేనే చోటు అంటే, సొంత ఫోన్ లేనివాళ్లంతా బయటే ఉండిపోతారు. వాళ్లే ఒప్పుకున్నారు కదా అని చేతులు దులుపుకోనా? ఆ లింకు ఏం చేస్తుందో నేను చెప్పకముందే వాళ్లు ఒప్పుకున్నదేమిటి?

చివరికి, మెయిల్ లేనివారు సమావేశంలోనే సంఘం ట్యాబ్ మీద తమ ఖాతా చూసుకునేలా చేశాను. మెయిల్ ఇచ్చినవారు దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఈమె ఈమేనని ఇద్దరు సభ్యులు చెబితే చాలు, పాత మెయిల్‌కు వెళ్లిన లింకులు అప్పటికప్పుడే చెల్లకుండా పోతాయి.

ఆ ఇద్దరిలో ఒకరు ఆమె అత్తే అయితే? దానికింకా కోడ్ రాయలేదు.