బావి నీళ్లు, ఊట నీళ్లు: యోహాను సువార్తలో ఒక మధ్యాహ్నం



గత వీడియోలో బృహదారణ్యక ఉపనిషత్తులో మైత్రేయి అడిగిన ప్రశ్న చూశాం. యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్తూ ఆస్తి పంచుతానంటే, ఈ భూమి నిండా సంపద ఉన్నా దానితో నాకు అమృతత్వం వస్తుందా అని ఆవిడ సూటిగా అడుగుతుంది. రాదు, డబ్బున్నవాళ్ల బతుకులాగే నీదీ గడుస్తుంది, అంతే అంటాడాయన. ఈ వారం అదే ప్రశ్నని ఇంకో గ్రంథంలో వెతుకుదాం. బైబిల్లో యోహాను సువార్త, 4వ అధ్యాయం. బైబిల్ ఎందుకు అంటారా? దాహం గురించి ఇంత సూటిగా మాట్లాడే కథని మనది కాదని పక్కన పెడితే నష్టం మనకే.

కథ చిన్నది. యేసు యూదయ నుంచి గలిలయకు నడిచి వెళ్తూ సమరయలో సుఖారు అనే ఊరి దగ్గర ఆగుతాడు. మిట్టమధ్యాహ్నం. అలసిపోయి యాకోబు బావి దగ్గర కూర్చుంటాడు. నీళ్లకి వచ్చిన ఒక సమరయ స్త్రీని, కాసిని నీళ్లు ఇవ్వమ్మా అని అడుగుతాడు. ఆమె ఆశ్చర్యపోతుంది. ఎందుకంటే యూదులకీ సమరయులకీ పొత్తు లేదు. ఈ అంటు, మైల లెక్కలు మనకి కొత్తవి కావు కదా. ఒక ఊళ్లో బావి ఎవరిది, ఎవరు చేదుకోవచ్చు అన్న గొడవ మన తాతల కాలం దాకా నడిచిందే. ఇక్కడ మాత్రం గురువే చెయ్యి చాచి అడుగుతున్నాడు.

తర్వాత ఆయన మాట మారుస్తాడు. ఈ బావి నీళ్లు తాగినవాళ్లకి మళ్లీ దాహం వేస్తుంది, నేనిచ్చే నీళ్లు తాగితే వెయ్యదు, అవి లోపలే ఊటై పొంగుతాయి అంటాడు. ఆమె తెలివైనది. అయ్యా, మీ దగ్గర చేదడానికి ఏమీ లేదు, బావేమో లోతు, ఎలా ఇస్తారు అని అడుగుతుంది. అది నిజంగానే లోతైన బావి. ఇప్పటికీ నాబ్లుస్ పట్టణంలో ఒక గ్రీకు ఆర్థడాక్స్ చర్చి లోపల ఉంది.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. గ్రీకు మూలంలో నీళ్ల చోటుకి రెండు వేర్వేరు మాటలున్నాయి. ఆమె వాడిన మాట ‘ఫ్రెయార్’, అంటే తవ్విన బావి. యేసు వాడిన మాట ‘పేగే’, అంటే ఊట. సారమంతా ఈ తేడాలోనే ఉంది. బావి దగ్గరికి మనం వెళ్లాలి, చేదాలి, మోయాలి, కుండ ఖాళీ అయితే మళ్లీ వెళ్లాలి. ఊట అలా కాదు, అది ఉన్నచోటే పుడుతుంది.

మన జీవితాలు చూడండి. ఇంక్రిమెంట్ వస్తే రెండు నెలల సంతోషం. తర్వాత పక్క టీమ్‌లో వాడికి ఎంతొచ్చింది అన్న లెక్క. ఫ్లాట్ కొన్నాక ఇంకో బెడ్‌రూమ్ ఉంటే బాగుండేది అనిపిస్తుంది. ఇవి తప్పని నేను అనను. యేసు కూడా బావి నీళ్లు పాపం అనలేదు, మళ్లీ దాహం వేస్తుంది అన్నాడంతే. మనం ఆశకి వాడే ‘తృష్ణ’ అన్న మాటకి అసలు అర్థం దాహమే.

ఇంకో మాట, కొంచెం కష్టంగానే చెప్తున్నా. భక్తి కూడా బావి అయిపోగలదు. రోజుకో ప్రవచనం, నెలకో క్షేత్రం, పొద్దున్నే ఒక స్తోత్రం స్టేటస్. మన ఛానెల్ వీడియోలూ అంతే. చూసినంతసేపూ హాయి, ఆఫ్ చేశాక మళ్లీ అదే వెలితి. అలాంటప్పుడు ఇంకో వీడియో పెట్టుకోవడం అంటే ఇంకో కుండ నింపుకోవడమే.

సంభాషణ మధ్యలో ఆమె జీవితం బయటపడుతుంది. అయిదుగురు భర్తలు, ఇప్పుడున్నవాడు భర్త కాదు. ఎందుకు అలా జరిగిందో గ్రంథం చెప్పదు. భర్తలు చనిపోయారో, వదిలేశారో మనకి తెలీదు. యేసు తిట్టలేదు, దాచలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అప్పుడు ఆమె అసలు గొడవ ఎత్తుతుంది: మా పెద్దలు ఈ కొండ మీద పూజించారు, మీరు యెరూషలేము అంటారు, ఏది సరి? రక్షణ యూదుల నుంచే వస్తుందని ఆయన తన వైపు మాట దాచకుండా చెప్తాడు. కానీ ఈ కొండా కాదు, యెరూషలేమూ కాదు, ఆత్మతో సత్యంతో ఆరాధించే కాలం వచ్చింది అంటాడు. ముందు తన జీవితం గురించిన సత్యం, తర్వాత దేవుడి మాట. వరస గమనించండి.

అయితే ఉపనిషత్తూ సువార్తా ఒకటే చెప్తున్నాయా? అలా కలిపేస్తే రెండింటికీ అన్యాయం. యాజ్ఞవల్క్యుడు ఆత్మని తెలుసుకో అంటాడు. యేసు నేను ఇస్తాను అంటాడు. ఒకచోట అది జ్ఞానం, ఇంకోచోట వరం. క్రైస్తవుడికి ఆ ఇచ్చేవాడే ముఖ్యం, ఆ నీళ్లు పరిశుద్ధాత్మ అని అదే సువార్త 7వ అధ్యాయం విప్పి చెప్తుంది. ఈ తేడా చిన్నది కాదు, దాన్ని గౌరవించాలి. ప్రశ్న మాత్రం ఇద్దరు ఆడవాళ్లదీ ఒకటే: తరిగిపోనిది ఏది?

చివర్లో ఆమె తన కుండని అక్కడే వదిలేసి ఊళ్లోకి పరిగెడుతుంది. నీళ్ల కోసం వచ్చిన మనిషి కుండే మర్చిపోయింది! తనకి దొరికింది దాచుకోకుండా ఊరిని పిలుచుకొచ్చింది. ఆ సమరయులు అడిగితే యేసు రెండు రోజులు వాళ్ల దగ్గరే ఉన్నాడు. ఇంతకీ ఆయన ఆ నీళ్లు తాగినట్టు ఎక్కడా రాసి లేదు.

ఈ వారం ఒక చిన్న సాధన. ఈ కథ మొత్తం 42 వచనాలు, ఒక్కసారి నెమ్మదిగా చదవండి. తర్వాత ఫోన్ పక్కన పెట్టి ఓ పది నిమిషాలు కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను రోజూ మోస్తున్న కుండ ఏది? జవాబు వచ్చాక మీ ఇష్టదైవం ముందు దాన్ని పేరు పెట్టి చెప్పండి. అలంకారాలు వద్దు, ఉన్నది ఉన్నట్టు చాలు.

మీ లోపల ఊట మేలుకోవాలని కోరుకుంటూ, సెలవు.