ఎరువు కోటు అబద్ధమవుతుందా?

మా ఇంట్లో గోడకు తాత ఫోటో ఒకటి ఉంది. నలుపు తెలుపు ఫోటో. నల్ల కోటు, తెల్ల చొక్కా, మెడలో టై, నూనె పెట్టి పాపిడి తీసిన జుట్టు. చూస్తే పాత సినిమాలో నాగేశ్వరరావు పక్కన నిలబెట్టవచ్చు అనిపిస్తుంది. నేను పుట్టకముందే తాత పోయినాడు. అందుకని నాకు తెలిసిన తాత ఆ కోటు తాతే.

పోయిన సంవత్సరం మా బడిలో 'మా ఇంటి పెద్దలు' అని మాట్లాడే పోటీ పెట్టినారు. నేను ఆ ఫోటో తీసుకొనిపోయి, "మా తాత ఆ కాలంలోనే రోజూ కోటు వేసుకొని తిరిగినవాడు" అని చెప్పినాను. అందరూ చప్పట్లు కొట్టినారు. రెండో బహుమతిగా పెన్ను ఇచ్చినారు.

ఇంటికి వచ్చి అవ్వకు చెప్తే పడీపడీ నవ్వింది. "అది మీ తాతది కాదురా. చిక్కబళ్ళాపురంలో స్టూడియో వాళ్ళది. మేకుకు ఒకే కోటు తగిలించి పెట్టేవాళ్ళు, ఎవరు పోయినా అదే. కింద మీ తాత పంచె కట్టుకొని ఉన్నాడు. ఫోటోలో నడుము దాకానే పడింది" అంది. పెళ్ళి సంబంధానికి పంపడానికని తీయించిన ఫోటో అంట. తాత రాగులు, శెనక్కాయలు పండించే రైతు.

మళ్ళీ పోయి ఫోటో చూసినాను. భుజం దగ్గర కుట్టు కిందికి జారి ఉంది. చేతులు వేళ్ళ దాకా వచ్చినాయి. కొలత తీసి కుట్టించిన కోటు అట్లా ఉండదు. ఇన్నేండ్లు చూసినా నాకు అది కనిపించలేదు.

'ఎరువు సొమ్ము బరువు చేటు' అని మా తెలుగు సార్ ఒక సామెత చెప్పినారు. మరి మా తాత పెళ్ళి కోసం అబద్ధం ఆడినట్టా? మనది కాని బట్ట వేసుకుంటే మోసమేనా? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు.

మా నందికి దగ్గరలోనే ముద్దేనహళ్ళి ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. అక్కడి మ్యూజియంలో ఆయన వాడిన వస్తువులు దాచి పెట్టినారు. ఏ ఫోటోలో చూసినా కోటు, టై, జరీ మైసూరు పేటా. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ చదివి, 1912లో మైసూరు దివాను అయినారు. ఆ కోటు ఆయన కష్టపడి సంపాదించుకొన్నది.

మా నంది కొండ మీదికి 1927లో ఇంకొకాయన వచ్చి, ఆరోగ్యం కోసం కొన్ని వారాలు ఉన్నారు. ఆయన గాంధీగారు. లండన్‌లో చదువుకొనేటప్పుడు ఖరీదైన సూటు, పొడుగు టోపీ కొన్నానని ఆత్మకథలో తానే రాసుకొన్నారు. 1921లో మదురైలో అంగీ కూడా వదిలేసి, పేదవాళ్ళలాగా చిన్న పంచె కట్టినారు. ఒకరు నిండుగా వేసుకొన్నారు, ఒకరు ఉన్నది తీసేసినారు. ఇద్దరికీ మనం దండం పెడతాం. కాబట్టి మంచితనం కోటులోనూ లేదు, కొల్లాయిలోనూ లేదు.

కానీ మా తాత సంగతి వేరు. వదిలేయడానికైనా ముందు ఒక కోటు ఉండాలి కదా!

ఒక ఆదివారం అవ్వతో కూర్చొని టీవీలో 'గుండమ్మ కథ' చూసినాను. 1962 నాటి సినిమా. అందులో ఎన్.టి. రామారావు డబ్బున్న ఇంటి కొడుకు. నిక్కరు వేసుకొని, అంజి అనే పనివాడిగా గుండమ్మ ఇంట్లో చేరతాడు. మనం సంతోషంగా చూస్తాం. అప్పుడు నాకు ఒకటి తోచింది. ఉన్నవాడు లేనివాడి వేషం వేస్తే మెచ్చుకొంటాం. లేనివాడు ఒక పూట ఉన్నవాడి కోటు వేసుకొంటే మాత్రం మోసం అంటాం, లేదంటే నవ్వుతాం. ఇది న్యాయమా?

సినిమా అయిపోయినాక అడిగినాను, "అవ్వా, ఆ కోటు తాతది కాదని నీకు ఎప్పుడు తెలిసింది?" అని.

"చూడటానికి వచ్చిన రోజే. పంచె కట్టుకొని, ఉతికిన అంగీ వేసుకొని వచ్చినాడు. మా నాయన 'కోటు ఏదప్పా?' అని అడిగినాడు. 'అది స్టూడియో వాళ్ళది మామా. నాకుండేది రెండెకరాలు, ఒక జత ఎద్దులు' అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వినారు. మా నాయన అప్పుడే ఒప్పుకొన్నాడు."

"మరి ఎందుకు వేసుకొన్నాడు?"

"బాగా కనిపించాలని ఎవరికుండదురా?"

నాకు జవాబు దొరికింది. బాగా కనిపించాలనుకోవడం తప్పు కాదు. అది ఎదుటివాళ్ళకు ఇచ్చే మర్యాద కూడా. ఆ బట్టను చూపించి మనకు రాకూడనిది తీసుకొంటే అది మోసం. అడిగినప్పుడు నిజం చెప్పగలిగితే ఎరువు కోటు అయినా అబద్ధం కాదు. తాత ఆ కోటుతో ఏమీ తీసుకోలేదు. నేనే తీసుకొన్నాను, ఒక పెన్ను, మీ అందరి చప్పట్లు. నన్ను ఎవరూ అడగకపోయినా 'రోజూ' అనే మాట నేనే చేర్చినాను. ఆ ఫోటోలో అబద్ధం లేదు, నా మాటలో ఉంది. ఇంకొకటి కూడా ఉంది. రైతు తాత గొప్ప చెప్పుకోవడానికి సరిపోడని నేను అనుకొన్నాను. దానికే ఎక్కువ సిగ్గు పడుతున్నాను.

పెన్ను తిరిగి ఇచ్చేస్తానని సార్‌తో చెప్పినాను. "పెన్ను నీ దగ్గరే ఉండనీ, జరిగింది పత్రికకు రాయి" అన్నారు. అందుకే రాస్తున్నాను. ఆ రోజు చప్పట్లు కొట్టిన అందరూ నన్ను క్షమించండి. మా తాత రోజూ కోటు వేసుకోలేదు. ఒక్క రోజు, ఒక్క ఫోటోకు వేసుకొన్నాడు. అడిగితే అది తనది కాదని చెప్పినాడు.