గుండె ఆయన చేతిలో, మోకాలు మన చేతిలో



మీరు ఈ పేరా చదవడం ముగించేలోపు మీ గుండె ముప్పయి నలభైసార్లు కొట్టుకుంటుంది. కొట్టుకొమ్మని దానికి మీరు ఆజ్ఞాపించలేదు. నిమిషానికి సుమారు 70 సార్లు, రోజుకు సుమారు లక్షసార్లు అది తన పని తాను చేసుకుపోతుంది. మీరు నిద్రపోయినా, కోపంతో ఊగిపోయినా, చివరికి దేవుణ్ణి మరచి తిరిగినా అది మాత్రం మానదు. తల్లి గర్భములో బిడ్డ పడిన నాలుగు వారాలు నిండకముందే, చాలాసార్లు ఆ తల్లికే సంగతి తెలియకముందే, ఆ చప్పుడు మొదలవుతుంది.

1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరములో డాక్టరు క్రిస్టియాన్ బర్నార్డ్ గారు ఒక మనిషి గుండెను మరొక మనిషికి మొట్టమొదటిసారి అమర్చారు. అలా తీసి అమర్చే గుండెకు మెదడునుండి వచ్చే నరాలు తెగిపోతాయి. అయినా అది కొట్టుకుంటుంది. ఎందుకంటే ఆ లయను పుట్టించే చిన్న కణుపు గుండెలోనే, పై భాగములోని కుడి గదిలో ఉన్నది. తల్లి గర్భములో తనను రూపొందించిన దేవుని పనితనాన్ని తలచుకొని 139వ కీర్తనకారుడు ఆశ్చర్యముతో స్తుతించాడు. మనము తెలుసుకొనేకొద్దీ ఆ ఆశ్చర్యము పెరుగుతుందేగాని తరగదు.

దేవుడు గుండెను మన జ్ఞాపకశక్తికి ఎందుకు అప్పగించలేదో ఆలోచించారా? పొయ్యిమీద పాలు పెట్టి మరచిపోయేవాళ్ళము మనము. గుండెను కొట్టించే బాధ్యత మనదే అయితే ఒక్క పూటైనా బ్రతికేవాళ్ళమా? అందుకే ప్రాణము నిలవడానికి అత్యవసరమైన వాటిని ఆయన తన చేతిలోనే ఉంచుకున్నాడు.

కాని శరీరమంతటినీ ఆయన అలా చేయలేదు. ఎముకలను పట్టుకొని 600కు పైగా కండరాలున్నాయి. వాటిని చాలామట్టుకు మన ఇష్టానికి విడిచిపెట్టాడు. చెయ్యి తనంతట తాను చాచుకోదు, మనము చాపాలి. మోకాలు తనంతట తాను వంగదు, మనము వంచాలి. నాలుక తనంతట తాను క్షమాపణ అడగదు, మనము అడగాలి. ఇక ఊపిరి ఈ రెండింటికీ మధ్య ఉన్నది. నిద్రలో అది తనంతట తానే ఆడుతుంది. మెలకువలో అదే ఊపిరిని మనము జపముగా మార్చుకోవచ్చు, తిట్టుగానూ మార్చుకోవచ్చు.

ప్రియులారా, ఈ అమరికలోనే మన రక్షణ మర్మము దాగి ఉన్నది. మన అనుమతి అడగకుండానే దేవుడు మనకు ప్రాణము పోశాడు. రక్షణను మాత్రము బలవంతముగా మనమీద రుద్దడు. మనలను అడగకుండా సృజించినవాడు మన సమ్మతి లేకుండా మనలను రక్షింపడని పునీత అగుస్తీనువారు బోధించారు. కలువరి కొండపై ప్రభువు చేయవలసినదంతా చేసి ముగించాడు. దానిని స్వీకరించే పని మన చేతికి, మన మోకాలికి, మన నాలుకకు మిగిలి ఉన్నది.

శ్రీసభ దేవద్రవ్యానుమానములను గమనించండి. నీరు తలపై పడుతుంది, తైలము నుదుటిని తాకుతుంది, దివ్యసత్ప్రసాదము నోటిలోకి వస్తుంది, పాపక్షమాపణ మాట చెవికి వినబడుతుంది. కృప ఆత్మను చేరేది శరీరము గుండానే. రెండవ జాన్‌పాల్ పోపుగారు 1979 నుండి 1984 వరకు బుధవారపు సమావేశాలలో శరీరాన్ని గూర్చి వరుసగా ఉపదేశించి, కంటికి కనబడని దానిని కనబడునట్లు చేసేది శరీరమేనని చెప్పారు. మన విచారణలలో కొందరు, “మనసు మంచిదైతే చాలు, గుడికి రాకపోతేనేమి?” అంటారు. ఆకలిగొన్న బిడ్డకు మనసులో అన్నము పెడితే కడుపు నిండుతుందా?

ఈ విషయములో మరియమాతను చూడండి. లోకరక్షకుని శరీరము ఆమె గర్భములో రూపొందకముందు దేవదూత ఆమె మాటకొరకు వేచి ఉన్నాడు (లూకా 1:38). సర్వశక్తిగల దేవుడు ఒక పల్లెటూరి కన్యక నోటినుండి వచ్చే సమ్మతికొరకు వేచి ఉన్నాడంటే, ఆయన మన స్వేచ్ఛకు ఎంత గౌరవమిచ్చాడు!

అయితే ఆ స్వేచ్ఛను మనమేమి చేస్తున్నాము? “ఈ పాస్కకు కాదు, వచ్చే పాస్కకు పాపసంకీర్తనము చేస్తాను” అనే తండ్రులున్నారు. గ్లాసు ఎత్తే చెయ్యి, ఇల్లాలిపై లేచే చెయ్యి సిలువగుర్తు వేసుకోవడానికి మాత్రము లేవదు. పొలము గట్టు దగ్గర తగవుపడి ఏళ్ళ తరబడి అన్నదమ్ములు మాట్లాడుకోరు. ఒకరోజు హఠాత్తుగా పక్షవాతము వస్తుంది. మెదడు ఎడమవైపు దెబ్బతింటే తరచుగా కుడిచెయ్యి పడిపోతుంది, మాట పడిపోతుంది. గుండె మాత్రము యథాప్రకారము కొట్టుకుంటూనే ఉంటుంది. దేవుడు తన చేతిలో ఉంచుకున్నది ఆయన ఆపలేదు. మన చేతికిచ్చినదే మన చేయి దాటిపోయింది. ఇంటివారు అప్పుడు పరుగున వచ్చి గురువులను పిలుస్తారు.

అలాంటివారిని దేవుడు విడిచిపెడతాడని నేననడము లేదు. మాటలేనివాడు కనుసైగతోనైనా పశ్చాత్తాపము తెలుపవచ్చు. స్పృహ ఉంటే అడిగి ఉండేవాడని తలచి శ్రీసభ అతనికి అభ్యంగనము ఇస్తుంది. కాళ్ళు లేవని పక్షవాత రోగిని నలుగురు మోసుకొని వచ్చినప్పుడు, ప్రభువు వారి విశ్వాసాన్ని చూచి అతని పాపాలు క్షమించాడు (మార్కు 2:1-12). కాబట్టి మంచమున పడినవారున్న కుటుంబాలారా, మీ చేతులే వారి చేతులు. ఆలస్యము చేయక గురువులను పిలవండి. కాని మాట ఉండగా, చెయ్యి ఆడుతుండగా మనకు వాయిదా ఎందుకు?

కలువరిపై మంచి దొంగను తలచుకోండి. చేతులు కదలవు, కాళ్ళు కదలవు. అతని స్వాధీనములో మిగిలినది నాలుక ఒక్కటే. దానితోనే ప్రభువును వేడుకున్నాడు. ఆ రోజే పరలోకము పొందాడు (లూకా 23:40-43). అదే సమయములో, అదే సిలువ ప్రక్కన, రెండవవాడు తనకు మిగిలిన నాలుకను నిందకు వాడుకున్నాడు.

ఈ ఆదివారము దివ్యబలిపూజలో గురువు క్రీస్తు శరీరమును మీ ఎదుట ఎత్తి చూపినప్పుడు మీరు “ఆమెన్” అంటారు. అలవాటుగా కాక, మీ గుండె చప్పుడు ఒకసారి విని ఆ మాట పలకండి. అంతకు ముందు శనివారము సాయంత్రమే వచ్చి, మీ మోకాళ్ళు వంచి పాపసంకీర్తనము చేయండి. ఎవరితో మాటలు లేవో వారితో మాట కలపండి.

ప్రభువా, నీవు మాకిచ్చిన చేతులు, మోకాళ్ళు, నాలుక మా స్వాధీనములో ఉండగానే నీ రక్షణను స్వీకరించే కృపను మాకు దయచేయుము. ఆమెన్.