తలుపేసుకుని పుచ్చుకునే మందు

మన భాషలో ఒక చిత్రం ఉంది. జబ్బు నయం చేసేదీ మందే, జబ్బు తెచ్చిపెట్టేదీ మందే. "మందు వేసుకున్నావా?" అని అమ్మ అడిగితే ఒక అర్థం, శుక్రవారం సాయంత్రం స్నేహితుడు అడిగితే ఇంకో అర్థం. ఈ రెండో మందుకు విరుగుడైన మొదటి మందు ఇప్పుడు అమెరికాలో ఫోను తెర మీదే దొరుకుతోంది. డాక్టరు ఒక ఊళ్ళో, రోగి ఇంకో ఊళ్ళో. వీడియోలో కాసేపు మాట్లాడుకుంటారు, మందుల చీటీ దానంతటదే ఫార్మసీకి చేరుతుంది. వెయిటింగ్ రూము లేదు. ఆ రూములో, మొన్న గుళ్ళో కనిపించిన సుబ్బారావుగారు ఎదురుపడతారేమో అన్న భయం లేదు.

వైద్యం దృష్ట్యా ఇది మంచి సదుపాయమే. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. తాగుడు పెరిగేది చాటున. ఆ చాటును అలాగే ఉంచి చేసే చికిత్స మనిషిని బాగుచేస్తున్నట్టా, లేక అతని దాపరికానికి ఇంకో గది కట్టిస్తున్నట్టా?

ఇదేమీ ఊసుపోక వచ్చిన ప్రశ్న కాదు. నాకు బాగా కావలసిన కుర్రాడొకడు (పేరూ ఊరూ చెప్పను, చెప్పకూడదు కూడా) నాలుగు నెలలుగా ఇలాగే చికిత్స తీసుకుంటున్నాడు. మధ్యాహ్నం లంచి వేళ ఆఫీసు పార్కింగులో కారు అద్దాలు ఎత్తుకుని డాక్టరుతో మాట్లాడతాడు. మాత్రల సీసా కారు డిక్కీలో ఉంటుంది. భార్యకు తెలియదు. "అన్నా, నీకొక్కడికే చెప్పిన" అన్నాడు. ఆ అమ్మాయికెందుకు చెప్పలేదంటే, "తనకు తెలిస్తే వాళ్ళ నాయనకు తెలుస్తది, ఆయనకు తెలిస్తే ఊరంతా తెలుస్తది" అన్నాడు. నవ్వొచ్చే మాటే. నవ్వలేకపోయాను.

అతన్ని తప్పుపట్టే ముందు అతని భయాలు కూడా చూడాలి. మనవాళ్ళలో డాక్టర్లకు కొదవలేదు, కాని ఆ డాక్టరే తెలుగు సంఘం ఉగాదికి మన పక్కన కూర్చుని పులిహోర తింటాడు. ఆపైన వీసా ఉంది. తాగి కారు నడిపినందుకు అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేయొచ్చని విదేశాంగ శాఖ 2015లో తన కాన్సులేట్లకు చెప్పింది. గ్రీన్ కార్డు వైద్య పరీక్షలో కూడా తాగుడు వల్ల ప్రమాదకరమైన ప్రవర్తన ఏమైనా ఉందా అని చూస్తారు. చికిత్స తీసుకోవడం నేరం కాదు, నిజమే. భయపడేవాడికి అంత తేడా కనిపించదు.

అమెరికా ఈ భయాన్ని ఎప్పుడో గుర్తించింది. అయోవా సెనెటర్ హెరాల్డ్ హ్యూజ్ ఒకప్పటి తాగుబోతు, ఆ మాట బాహాటంగా చెప్పుకున్న మనిషి. ఆయన పూనికతో 1970లో తాగుడును జబ్బుగా చూసి పరిశోధనకూ చికిత్సకూ డబ్బిచ్చే చట్టం వచ్చింది. ఆ దశాబ్దంలోనే, ఫెడరల్ సాయం అందుకునే చికిత్సా కేంద్రాలు రోగి వివరాలు బయటపెట్టకూడదన్న కట్టుదిట్టమైన నియమాలూ వచ్చాయి. రోగి ఒప్పుకోనిదే భార్యకు సైతం చెప్పకూడదు. గుట్టు ఉంటే తప్ప జనం గుమ్మం తొక్కరని వాళ్ళకు తెలుసు. ఇంత చేసినా వచ్చేవాళ్ళు కొద్దిమందే. 2023 ప్రభుత్వ సర్వే ప్రకారం ఈ దేశంలో 12 ఏళ్ళు నిండినవాళ్ళలో 2 కోట్ల 80 లక్షల మందికి పైగా ఈ జబ్బుంది. అందులో మందులతో చికిత్స అందినవాళ్ళు నూటికి ఇద్దరు. నాల్ట్రెక్సోన్ అనే మాత్ర తాగుడుకు వాడొచ్చని 1994లోనే అనుమతి వచ్చింది. తాగితే కలిగే హాయిని అది తగ్గిస్తుంది. అలవాటు పడే మందు కాదు కనుక వీడియోలో చూసి రాయడానికి పెద్దగా అడ్డంకులు లేవు. ఇన్నేళ్ళుగా షాపులో ఉన్న మాత్ర జనానికి చేరలేదంటే, లోటు మాత్రది కాదు, గుమ్మానిది. ఆ గుమ్మం ఇప్పుడు జేబులోకి వచ్చింది. దాన్ని కాదనడానికి నాకు నోరు రాదు.

ఫోనుకూ తాగుడు మానడానికీ ఉన్న చుట్టరికం కొత్తది కూడా కాదు. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్కు మనిషి ఒహాయోలోని ఆక్రన్ ఊళ్ళో ఒక హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. వచ్చిన వ్యాపారం చెడింది, ఒక పక్క బారు సందడి వినిపిస్తోంది. తాగడం మానేసి కొద్ది నెలలే అయింది. బారువైపు వెళ్ళకుండా ఫోను దగ్గరికి వెళ్ళి, ఈ ఊళ్ళో నాలాంటి తాగుబోతు ఇంకెవరైనా ఉన్నారా అని వాకబు చేశాడు. అలా దొరికిన మనిషి డాక్టర్ బాబ్ స్మిత్, సర్జన్. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. అనానిమస్ అంటే పేరు చెప్పనక్కర్లేదని. కాని గమనించండి, ఫోను అక్కడ దారి మాత్రమే. తరువాత ఇద్దరూ ఎదురెదురుగా గంటల తరబడి కూర్చున్నారు. లోకానికి పేరు తెలియదు, గదిలో ఉన్నవాళ్ళకు మాత్రం మొహం తెలుసు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి ఆ గదులు జూమ్‌లోకి మారినప్పుడు, కెమెరా ఆపేసుకుని కూర్చునే వీలు కూడా వచ్చింది.

పోనీ, ఆ జేబులోని గుట్టయినా నికరమైనదా? మాన్యుమెంట్ అనే ఆన్‌లైన్ మద్య చికిత్సా కంపెనీ వివరాలన్నీ పూర్తిగా గోప్యమని చెప్పుకుంటూనే, వాటిని మెటా, గూగుల్ వంటి ప్రకటనల సంస్థలకు చేరవేసిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో అభియోగం మోపింది. ఏకంగా 84 వేల మంది దాకా అన్నారు. అంటే, పెళ్ళాం దగ్గర దాచిన సంగతి చెప్పులూ చొక్కాలూ అమ్మేవాడికి ముందే తెలిసిపోయే లోకం ఇది.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావొచ్చు. రెండో రోజో మూడో రోజో మతి తప్పి ప్రాణం మీదకు రావొచ్చు. దానికి ఆస్పత్రి కావాలి. తెరమీది డాక్టరు నాడి పట్టుకోలేడు. అందుకే మొదటిరోజే అడుగుతాడట, "ఇంట్లో మీతో ఎవరుంటారు?" అని. మనవాడు "భార్య ఉంటుంది" అన్నాడు. అబద్ధం కాదు. ఆమెకు ఏమీ తెలియదని మాత్రం చెప్పలేదు.

ఇక్కడ నాకు దూబగుంట గుర్తొస్తుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊరి ఆడవాళ్ళు, రోశమ్మ ముందుండగా, సారా అంగడి మూయించారు. ఆ కదలికే పాకి 1993లో రాష్ట్రమంతా సారా నిషేధానికి దారితీసింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో ఎత్తేశారనుకోండి, ఆ కథ వేరు. నేను చెప్పేది, ఆ ఆడవాళ్ళు మొగుడి తాగుడు ఇంటి గుట్టు కాదు, నలుగురి సంగతి అని వీధిలోకి తెచ్చారు. చదువుకుని ఇంత దూరం వచ్చిన మనం దాన్ని కారు డిక్కీలోకి చేర్చాం. అందర్నీ వీధిలోకి రమ్మనడం నా ఉద్దేశం కాదు. సంఘం దగ్గర గుట్టు అతని హక్కు. ఆఫీసు దగ్గర, మామగారి దగ్గర కూడా.

భార్య దగ్గర కాదు. ఎందుకంటే, తాగుడు ఆమెకు తెలియనిది కాదు. ఏళ్ళుగా వాసన చూస్తూనే ఉంది, రీసైక్లింగు డబ్బాలో సీసాలు లెక్కపెడుతూనే ఉంది. అతను దాస్తున్నది జబ్బును కాదు, మానడానికి చేస్తున్న ప్రయత్నాన్ని. నాలుగు నెలలుగా అతను బాగుపడుతున్న ఇంట్లోనే ఆమె ఇంకా పాత భయంతో కాపురం చేస్తోంది. ఈ మాటే అతనితో అన్నాను. చాలాసేపు ఊరుకుని, "చెప్పినంక మళ్ళ తాగితే ఎట్లన్నా?" అన్నాడు. అదీ అసలు సంగతి. పరువు కాదు. ఓడిపోతే చూసే మనిషి ఉండకూడదు, అంతే. చూసే మనిషి లేకపోవడమే ఇన్నాళ్ళూ అతన్ని తాగించిందని నేననుకుంటాను.

మరి నేనే చెప్పేయొచ్చు కదా? డాక్టర్లను కట్టేసే చట్టం నన్ను కట్టెయ్యదు. అయినా చెప్పను. నా నోట వింటే ఆమెకు కబురు అందుతుంది, మొగుడి మాట అందదు.

పోయిన ఆదివారం ఆ అమ్మాయి మా ఆవిడకు ఫోను చేసింది. "అక్కా, ఈయన ఈమధ్య సరిగ్గా తినట్లేదు, కడుపులో తిప్పుతోందంటాడు. అన్నయ్యగారితో ఏమైనా అన్నాడా?" అని. ఆ మాత్రకు అలా ఉంటుందని నాకు తెలుసు. మా ఆవిడ ఫోను చేత్తో మూసి నావైపు చూసింది.

"వాణ్ణే అడగమను. పిల్లలు పడుకున్నాక కూర్చోబెట్టి అడగమను," అన్నాను.